రౌటర్‌లో పోర్టు తెరవడమంటే

పల్లెలో తల్లిదండ్రులు, హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో పిల్లలు. వీధి గుమ్మానికి ఒకటి, పెరట్లో ఒకటి, వరండాలో ఒకటి సీసీ కెమెరాలు పెట్టించి, అమ్మానాన్నలను ఫోనులో చూసుకునే ఇళ్లు తెలుగునాట ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నాయి. కెమెరాలు బిగించడానికి వచ్చిన కుర్రవాడు గోడకు రంధ్రాలు వేసి, వైర్లు లాగి, చివరి పనిగా ల్యాప్‌టాప్ తెరుస్తాడు. బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడతాడు. రౌటర్ అడుగున అంటించిన స్టిక్కర్ మీది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చూసి లోపలికి వెళ్తాడు. ‘వర్చువల్ సర్వర్’ అనే పేజీలో మూడు వరుసలు నింపుతాడు: 80, 554, 37777. సేవ్ నొక్కి, ఫోనులో వై-ఫై ఆపి, మొబైల్ డేటాతో పెరటి బొమ్మ వస్తోందని చూపించి, డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. అంతా కలిపి పది నిమిషాలు పట్టదు.

ఆ పది నిమిషాల్లో ఏం జరిగిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. బయటి ప్రపంచం నుంచి ఆ ఇంటి నెట్‌వర్క్‌లోకి మూడు దారులు పడ్డాయి. వాటి గుండా డాలస్‌లో ఉన్న అబ్బాయి మాత్రమే రావాలని ఆ పేజీలో ఎక్కడా రాసి లేదు. ఇంటికి కొత్త గుమ్మం పెట్టాలంటే వాస్తు చూస్తాం, తాళం చూస్తాం, నలుగురిని అడుగుతాం. రౌటర్‌లో గుమ్మం మాత్రం ఎవరినీ అడగకుండానే పడిపోతోంది. పోర్టు అంటే ఏమిటో, ఎప్పుడు తెరవాలో, ఎలా మూయాలో ఇంటివారికి తెలియాలి. ఇంజనీర్లకే అర్థమయ్యేంత కష్టమైన విషయం కాదిది.

‘పోర్టు’ అనే మాటను రెండు వేరు వేరు వాటికి వాడుతుండటంతో గందరగోళం అక్కడే మొదలవుతుంది. రౌటర్ వెనుక వైర్లు గుచ్చే చదరపు రంధ్రాలూ పోర్టులే. రంగు వేరుగా ఉండి ‘వాన్’ అని రాసి ఉన్నది బయటి నుంచి వచ్చే లైనుకు, మిగిలిన మూడో నాలుగో ‘లాన్’ పోర్టులు ఇంట్లోని టీవీకి, కంప్యూటర్‌కు, కెమెరాల బొమ్మలను రికార్డు చేసే డీవీఆర్‌కు. వీటి గురించి తెలియవలసింది కొంచెమే. పాత రౌటర్‌లో ఈ రంధ్రాలు సెకనుకు 100 మెగాబిట్ల రకానివైతే, 300 మెగాబిట్ల ప్లానుకు డబ్బు కట్టినా వైరు మీద 100కు మించి రాదు. ఈ వ్యాసం కంటికి కనిపించని రెండో రకం పోర్టు గురించి. అది ఒక అంకె.

నెట్‌లో సమాచారం ముక్కలుగా వెళ్తుంది. ప్యాకెట్ అనే ఆ ప్రతి ముక్క మీదా పంపిన యంత్రం ఐపీ చిరునామా, చేరవలసిన యంత్రం ఐపీ చిరునామా ఉంటాయి. యంత్రం దాకా చేరడానికి అవి చాలు. కానీ ఒకే కంప్యూటర్‌లో బ్రౌజర్, మెయిల్, వీడియో కాల్ ఒకేసారి నడుస్తుంటాయి. వచ్చిన ప్యాకెట్ వాటిలో దేనికి చెందినదో తేల్చేది పోర్టు అంకె. దానికి 16 బిట్ల చోటు కేటాయించారు కాబట్టి 0 నుంచి 65535 దాకా మొత్తం 65,536 అంకెలు ఉన్నాయి. ప్యాకెట్లు పంపే రెండు ప్రధాన పద్ధతుల్లో టీసీపీకి ఒక వరుస, యూడీపీకి ఇంకో వరుస. పంపిన ప్రతి ముక్కా అందిందో లేదో సరిచూసుకుంటూ నడిచేది టీసీపీ. పంపేసి ముందుకు సాగిపోయేది యూడీపీ. ఆన్‌లైన్ ఆటలు, మాటల కాల్స్ ఎక్కువగా యూడీపీ మీద నడుస్తాయి. ఉదాహరణకు, టీసీపీలో 3074 వేరు, యూడీపీలో 3074 వేరు. రౌటర్‌లో ఒకదానికి బదులు మరొకటి ఎంచుకుని, ఎందుకు పని చేయడం లేదో తెలియక పూటంతా పోగొట్టుకునేవారు ఎందరో.

1023 వరకు ఉన్న అంకెలు బాగా స్థిరపడిన సేవలకు చెందుతాయి: వెబ్‌కు 80, తాళం గుర్తుతో వచ్చే భద్రమైన వెబ్‌కు 443, మెయిల్ బట్వాడాకు 25. 1024 నుంచి 49151 దాకా ఆయా సంస్థలు నమోదు చేయించుకునేవి. ఆ పైవి అప్పటికప్పుడు వాడుకుని వదిలేసేవి. ఈ పట్టికను ఐయానా అనే సంస్థ నిర్వహిస్తుంది. పట్టికలోని అంకెలు ఎలా వచ్చాయో చెప్పడానికి 22 కథ ఒకటి చాలు. 1995లో ఫిన్లాండ్‌లో టాటు యిలోనెన్ అనే పరిశోధకుడు దూరాన ఉన్న కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ కావడానికి ఎస్‌ఎస్‌హెచ్ అనే ప్రోగ్రామ్ రాశాడు. అప్పటిదాకా ఆ పని చేస్తున్న టెల్‌నెట్‌ది 23, ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది 21. మధ్యలో 22 ఖాళీగా కనిపించింది. దాన్ని ఇవ్వమని ఐయానాకు మెయిల్ రాస్తే మర్నాడే ఇచ్చేశారు. ఆ అంకెలో వేరే మహిమ ఏమీ లేదు. ఇది ఫలానా దానికి అని అందరూ ఒప్పుకున్నారు, అంతే. ఒక పోర్టు దగ్గర ఏ ప్రోగ్రామూ వింటూ ఉండకపోతే అక్కడికి వచ్చిన ప్యాకెట్ వచ్చిన దారినే పోతుంది. మేలైనా కీడైనా అక్కడ వింటున్న ప్రోగ్రామ్ వల్లనే. తరువాత చెప్పుకోబోయే ప్రమాదాలన్నిటికీ ఈ ఒక్క మాటే ఆధారం.

వార్డెన్ రిజిస్టరు

ఇంట్లో పది పరికరాలు ఉన్నా బయటి ప్రపంచానికి అవన్నీ ఒకే చిరునామాతో కనిపిస్తాయి. దీనికి కారణం కొరత. ఇప్పటికీ ఎక్కువగా వాడుతున్న ఐపీ నాలుగో వెర్షన్‌లో ఉన్న చిరునామాలు దాదాపు 429 కోట్లే. అవి చాలవని 1990ల మొదట్లోనే తెలిసిపోయింది. 1994 మేలో నాట్ అనే చిరునామా మార్పిడి పద్ధతిని వివరిస్తూ ఒక పత్రం వెలువడింది. అంతకు రెండు నెలల ముందే ఇళ్లలో, కార్యాలయాల్లో ఎవరైనా వాడుకోవడానికి మూడు చిరునామా శ్రేణులను విడిగా ఉంచారు: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి. అందుకే శ్రీకాకుళంలోని రౌటరూ అనంతపురంలోని రౌటరూ రెండూ 192.168.1.1 అయినా ఒకదానికొకటి అడ్డు రావు. ఇంటి గడప దాటితే ఆ చిరునామాకు విలువ లేదు.

గడప దాటే చోట రౌటర్ చేసే పనిని హాస్టల్ వార్డెన్‌తో పోల్చుకోవచ్చు. పిల్లలు రాసిన ఉత్తరాలన్నీ వార్డెన్ చేతి మీదుగానే బయటకు వెళ్తాయనుకుందాం. ప్రతి కవరు మీదా పిల్లవాడి గది నంబరు కొట్టేసి, హాస్టల్ చిరునామా రాసి, పక్కన ఒక వరుస సంఖ్య వేసి, ఆ సంఖ్య ఎవరిదో రిజిస్టరులో రాసుకుంటాడు. జవాబు ఆ సంఖ్యతోనే తిరిగి వస్తుంది. రిజిస్టరు చూసి సరైన గదికి పంపుతాడు.

రౌటర్‌లో ఈ రిజిస్టరు ఇలా ఉంటుంది. 192.168.1.23 అనే ఫోను తన 51514 పోర్టు నుంచి ఒక వెబ్‌సైట్ 443 పోర్టుకు ప్యాకెట్ పంపింది. రౌటర్ పంపినవారి చోట తన బయటి చిరునామా, ఉదాహరణకు 203.0.113.7, వేసి పోర్టును 40211గా మార్చింది. బయట 40211 అంటే లోపల 192.168.1.23లో 51514 అని పట్టికలో ఒక వరుస రాసుకుంది. జవాబు 40211కు రాగానే వరుస చూసి, చిరునామా తిరిగి మార్చి, ఫోనుకు అందించింది. మాటామంతీ ఆగిపోయిన కాసేపటికి ఆ వరుసను చెరిపేస్తుంది. ఇదంతా సెకనుకు వేలసార్లు జరుగుతూనే ఉంటుంది.

రిజిస్టరులో లేని సంఖ్యతో బయటి నుంచి ఉత్తరం వస్తే వార్డెన్‌కు అది ఎవరికివ్వాలో తెలియదు, పక్కన పడేస్తాడు. ఇంటి రౌటర్ కూడా లోపలి నుంచి ఎవరూ అడగని ప్యాకెట్‌ను అలాగే పారేస్తుంది. చిరునామాల కొరత తీర్చడానికి పుట్టిన పద్ధతి కోరని చుట్టాలను గడప దగ్గరే ఆపే కంచెగా కూడా పనికి వచ్చింది. ఇళ్లలోని కోట్లాది టీవీలు, ప్రింటర్లు, కెమెరాలు ఇన్నేళ్లుగా ఎంతో కొంత క్షేమంగా ఉన్నాయంటే ఈ అనుకోని కంచె చలవే. పోర్టు ఫార్వర్డింగ్ అంటే ఆ కంచెలో తెలిసి చేసే కంత. ‘37777 అని రాసి ఏ ఉత్తరం వచ్చినా, ఎవరు పంపినా, 108వ గదికి ఇచ్చేయండి’ అని వార్డెన్‌కు రాసిచ్చే శాశ్వత ఉత్తర్వు.

నియమం రాయడం

ఈ ఉత్తర్వును రౌటర్‌లో నియమంగా రాసే పని కష్టమైనది కాదు, కానీ వరుస తప్పితే ఫలించదు. ముందుగా లోపలి పరికరానికి చిరునామా స్థిరపరచాలి. రౌటర్ తనకు తోచిన చిరునామాను పరికరాలకు పంచుతుంది. కరెంటు పోయి వచ్చాక డీవీఆర్‌కు 192.168.1.108 బదులు 192.168.1.112 రావచ్చు. అప్పుడు నియమం 108 వైపే చూపిస్తూ ఉంటుంది, బొమ్మ రాదు. ఇలా చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సెట్టింగుల్లో ‘అడ్రస్ రిజర్వేషన్’ అనే చోట, పరికరానికి ఫ్యాక్టరీలో ఇచ్చిన మ్యాక్ చిరునామాకు ఒక ఐపీని కట్టిపడేస్తే ఈ బెడద ఉండదు. నెలకోసారి కెమెరాలు పని చేయడం మానేస్తున్నాయని మెకానిక్‌ను పిలిచి మూడు నాలుగు వందలు ఇచ్చుకునే ఇళ్లలో ఈ ఒక్క అడుగు వేయకపోవడమే కారణం కావచ్చు.

తరువాత నియమం. కొన్ని రౌటర్లలో పేజీ పేరు ‘పోర్టు ఫార్వర్డింగ్’, కొన్నిటిలో ‘వర్చువల్ సర్వర్’, ఫైబర్ లైనుతో వచ్చే పెట్టెల్లో ఎక్కువగా ‘పోర్టు మ్యాపింగ్’. అన్నిటిలోనూ నింపవలసినవి నాలుగే: బయటి పోర్టు, లోపలి ఐపీ, లోపలి పోర్టు, టీసీపీయా యూడీపీయా అన్నది. బయటి పోర్టు, లోపలి పోర్టు ఒకటే కానవసరం లేదు. కొన్ని రౌటర్లు ఐదో గడి కూడా ఇస్తాయి, ఏ చిరునామా నుంచి వచ్చినవారిని మాత్రమే అనుమతించాలో రాయడానికి. హైదరాబాద్ ఆఫీసులో స్థిరమైన ఐపీ ఉన్నవారు ఆ గడి నింపితే ఈ వ్యాసంలోని భయాల్లో చాలా భాగం తీరిపోతాయి. అంత విలువైన గడిని దాదాపు అందరూ ఖాళీగా వదిలేస్తారు.

పరీక్షించడం బయటి నుంచే జరగాలి. ఇంటి వై-ఫై మీదే ఉండి ఇంటి పబ్లిక్ చిరునామాను, అంటే బయటి ప్రపంచానికి కనిపించే చిరునామాను, కొడితే కొన్ని రౌటర్లు ఆ ప్యాకెట్‌ను తిప్పి లోపలికి పంపుతాయి, కొన్ని పంపవు. రెండు సందర్భాల్లోనూ వచ్చే ఫలితం నిజం చెప్పదు. ఫోనులో వై-ఫై ఆపి మొబైల్ డేటాతో చూడాలి, లేదా పోర్టు తెరిచి ఉందో లేదో చెప్పే వెబ్‌సైట్ వాడాలి. వచ్చే జవాబు మూడు రకాలు. తెరిచి ఉంది అంటే ప్రోగ్రామ్ పలికింది. నిరాకరించింది అంటే ప్యాకెట్ యంత్రం దాకా వెళ్లింది కానీ అక్కడ వినేవారు లేరు. నియమం సరిగానే ఉండి, డీవీఆర్‌లో సేవ ఆగిపోయి ఉండవచ్చు. ఎంతసేపటికీ జవాబు లేదు అంటే మధ్యలో ఎక్కడో ఎవరో మింగేశారు. ఈ మూడో జవాబే మన దేశంలో ఎక్కువగా వినిపిస్తుంది. దాని వెనుక పెద్ద కథ ఉంది.

వంద నియమాలు రాసినా పని చేయని చోట

ప్రపంచానికి చిరునామాలు పంచే ఐయానా దగ్గర నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది. ఆసియా, పసిఫిక్ దేశాల వాటా అదే ఏడాది ఏప్రిల్‌లో అడుగంటింది. భారత్‌లో ఇంటింటికీ ఫైబర్ వేగంగా వచ్చింది ఆ తరువాతే. అంటే లైన్లు వచ్చేసరికి చిరునామాలు లేవు. అందుకని నెట్ ఇచ్చే సంస్థలు ఇంటి రౌటర్ చేసే మార్పిడినే తమ దగ్గర ఇంకో అంతస్తులో చేయడం మొదలుపెట్టాయి. దీనిని సీజీనాట్ అంటారు. దీని కోసమే 2012 ఏప్రిల్‌లో 100.64 నుంచి 100.127 దాకా ఒక ప్రత్యేక శ్రేణిని కేటాయించారు.

లెక్క వేస్తే దీని అవసరం అర్థమవుతుంది. ఒక పబ్లిక్ చిరునామాకు ఉన్నవి సుమారు 65 వేల పోర్టులు. ఒక్కో ఇంటికి వెయ్యి చొప్పున ఇస్తే ఒకే చిరునామా మీద 60కి పైగా ఇళ్లు నడుస్తాయి. అలాంటి ఇంట్లో రౌటర్‌లో ఎన్ని నియమాలు రాసినా ఫలితం ఉండదు. బయటి నుంచి 37777కు వచ్చిన ప్యాకెట్ ఆ ఇంటి రౌటర్ దాకా రానే రాదు. సంస్థ దగ్గరున్న పెద్ద వార్డెన్ దానిని ఏ ఇంటికివ్వాలో తెలియక అక్కడే పారేస్తాడు. ఆ పెద్ద రిజిస్టరులో మన ఉత్తర్వు రాసే చోటు మనకు లేదు.

నియమాలతో కుస్తీ పట్టే ముందు ఒక్క నిమిషం వెచ్చించి ఇది చూసుకోవాలి. రౌటర్ స్థితి పేజీలో ‘వాన్ ఐపీ’ అని ఒక వరుస ఉంటుంది. అది 10, 192.168, 172.16 నుంచి 172.31, లేదా 100.64 నుంచి 100.127 శ్రేణిలో ఉంటే ఆ ఇంటికి సొంత పబ్లిక్ చిరునామా లేదు. వేరేలా కనిపించినా, మీ ఐపీ ఇది అని చెప్పే ఏదైనా వెబ్‌సైట్ చూపించే అంకెతో పోల్చాలి. రెండూ ఒకటే అయితేనే ముందుకు వెళ్లడంలో అర్థం ఉంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఫైబర్ లైనుతో వచ్చిన పెట్టె తనే రౌటర్‌గా పని చేస్తుంటే, వై-ఫై గదులకు అందడం లేదని ఇంటివారు దాని వెనుక మరో రౌటర్ కొని పెడతారు. ఇప్పుడు ఇంట్లోనే ఇద్దరు వార్డెన్లు. రెండో దాని వాన్ ఐపీ 192.168తో మొదలవుతుంది. దాన్ని చూసి సీజీనాట్ అనుకుని నిరాశపడనక్కరలేదు, ముందు మొదటి పెట్టె పేజీ తెరిచి చూడాలి. అక్కడ పబ్లిక్ చిరునామా ఉంటే రెండు పెట్టెల్లోనూ నియమం రాయాలి, లేదంటే కొత్త రౌటర్‌ను వై-ఫై మాత్రమే అందించే ‘యాక్సెస్ పాయింట్’ పద్ధతిలోకి మార్చి వార్డెన్‌ను ఒక్కరినే ఉంచాలి. ఈ రెండోదే మంచి పరిష్కారం. పిల్లల ఆటల యంత్రాల్లో వచ్చే నాట్ ఫిర్యాదులు కూడా చాలాసార్లు దీనితోనే తగ్గుతాయి.

సీజీనాట్ వెనుక ఉన్నవారు నెలకు కొంత అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత పబ్లిక్ చిరునామా, తీసుకోవచ్చు. సీజీనాట్ లేకపోయినా చిరునామా మారుతూ ఉండే ఇళ్లకు డైనమిక్ డీఎన్‌ఎస్ చాలు. చిరునామా మారినప్పుడల్లా ఒక పేరుకు కొత్త అంకెను అది అంటగడుతుంది. అయితే స్టాటిక్ ఐపీకి డబ్బు కట్టే ముందు, ఇంతకీ పోర్టు తెరవడం అవసరమా అని అడగాలి.

మన ఇల్లు ఎవరికి తెలుస్తుంది?

పోర్టుల గురించి జాగ్రత్త చెప్పగానే వచ్చే మాట ఇది: మారుమూల ఊళ్లో మా ఇంటి కెమెరా ఎవరికి కావాలి? మనుషులు ఇంటి పేరు చూసి వెతుకుతారన్న ఊహ దీని వెనుక ఉంది. నిజంగా జరిగేది వేరు. 2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జెడ్‌మ్యాప్ అనే ప్రోగ్రామ్ రాశారు. మంచి లైను ఉన్న ఒక్క కంప్యూటర్‌తో, ఒక పోర్టు కోసం, ప్రపంచంలోని ఐపీ నాలుగో వెర్షన్ చిరునామాలన్నిటినీ 45 నిమిషాల లోపే తట్టి చూడవచ్చని అది నిరూపించింది. వరుసగా అన్ని తలుపులూ తట్టే యంత్రానికి కాలిఫోర్నియా ఏమిటి, కావలి ఏమిటి. తెరిచిన పోర్టు దగ్గరకు మొదటి అపరిచితుడు రావడానికి రోజులు పట్టదు.

వచ్చి ఏం చేస్తారో 2016లో లోకం చూసింది. మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రామ్ టెల్‌నెట్ పోర్టులు 23, 2323లను తడుతూ, తన దగ్గరున్న 60కి పైగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటలను ఒక్కొక్కటే ప్రయత్నించేది. అడ్మిన్, అడ్మిన్. రూట్, 12345. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లు లక్షల్లో దాని చేతికి చిక్కాయి. ఆ ఏడాది అక్టోబర్ 21న వాటిలో చాలా పరికరాలు కలిసి డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద, అంటే వెబ్‌సైట్ల పేర్లకు ఐపీ అంకెలు చెప్పే సంస్థ మీద, విరుచుకుపడితే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అందలేదు. వాటి యజమానుల ఇళ్లలో కెమెరాలు మామూలుగానే బొమ్మ చూపిస్తున్నాయి. తమ పెట్టె దాడిలో పాల్గొంటోందని వారికి తెలిసే దారి లేదు. నవంబర్‌లో దాని మరో రూపం 7547 పోర్టును పట్టుకుంది. నెట్ సంస్థలు రౌటర్లను దూరం నుంచి సరిచేయడానికి వాడే పోర్టు అది. జర్మనీలో డాయిచ టెలికామ్ వినియోగదారుల రౌటర్లు సుమారు 9 లక్షలు మొరాయించాయి.

మరుసటి ఏడాది మే 12న మొదలైన వాన్నక్రై 445 పోర్టును వాడుకుంది. కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకునే విండోస్ సేవ అక్కడ వింటుంది. ఆ లోపానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివారు దెబ్బతిన్నారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లూ ఆ జాబితాలో ఉన్నాయి. ఇక కెమెరాల సంగతికి వస్తే, ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడయ్యే కెమెరాల్లో కొన్నిటిలో 2021లో ఒక లోపం బయటపడింది. వెబ్ పోర్టు అందితే చాలు, పాస్‌వర్డ్ అక్కరలేకుండానే కెమెరాను పూర్తిగా చేజిక్కించుకోవచ్చు. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా అక్కడ అక్కరకు రాదు. పాస్‌వర్డ్ అడిగే ప్రోగ్రామ్‌లోనే చిల్లు ఉంటే దాన్ని బయటివారికి చూపించకుండా ఉండటమే కాపు. ప్రమాదం వింటున్న ప్రోగ్రామ్‌లో ఉందని ముందు అన్నది ఇందుకే.

అందువల్ల ‘డీఎంజెడ్’ అనే సెట్టింగును ఇళ్లలో తాకకపోవడమే మేలు. అది ఒకటి రెండు పోర్టులతో ఆగదు, ఎవరికీ చెందని ప్రతి ప్యాకెట్‌నూ ఒకే పరికరం మీదికి తోస్తుంది. పోర్టు నంబర్లు గుర్తులేని మెకానిక్‌కు ఇది సులువైన దారి, ఇంటివారికి అన్నిటికన్నా చెడ్డ దారి. యూపీఎన్‌పీ దానికి తమ్ముడి లాంటిది. ఇంట్లోని ఏ పరికరమైనా, ఏ ప్రోగ్రామైనా రౌటర్‌ను అడిగి తన కోసం పోర్టు తెరిపించుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆటలకు వీలుగా ఉంటుందని చాలా రౌటర్లలో మొదటి నుంచే పని చేస్తుంటుంది. ఇంటి లోపల మాత్రమే పలకవలసిన ఈ సేవ బయటివారు పిలిచినా పలుకుతున్న చిరునామాలు 8 కోట్లకు పైగా ఉన్నాయని 2013 జనవరిలో ర్యాపిడ్7 అనే భద్రతా సంస్థ తేల్చింది. ఆడేవారు లేని ఇంట్లో దాన్ని ఆపేయడం వల్ల పోయేది ఏమీ లేదు.

తెరవకుండా చూసే దారులు

కెమెరా చూడటానికి ఇప్పుడు పోర్టు తెరవనక్కరలేదు. ఇటీవలి డీవీఆర్‌లన్నీ దాదాపుగా తయారీ సంస్థ సర్వర్‌కు తామే లోపలి నుంచి ఫోన్ చేసినట్టు కనెక్ట్ అయి ఉంటాయి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే డాలస్‌లోని యాప్ కూడా అదే సర్వర్ దగ్గరకు వెళ్తుంది, ఇద్దరినీ అక్కడ కలుపుతారు. సంభాషణ లోపలి నుంచి మొదలైంది కాబట్టి రౌటర్‌కు, సీజీనాట్‌కు అభ్యంతరం ఉండదు. అయితే తయారీ సంస్థను నమ్మవలసి వస్తుంది. ఇంటి బొమ్మల దారి వారి చేతిలో ఉంటుంది, ఖాతా పాస్‌వర్డ్ పోతే ఇల్లు కనిపిస్తుంది. అయినా సాధారణ కుటుంబానికి, తెరిచి వదిలేసిన మూడు పోర్టుల కన్నా ఇది నయం.

తయారీ సంస్థను కూడా నమ్మడం ఇష్టం లేనివారికి వీపీఎన్ ఉంది, బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం ఉన్న సొంత దారి అది. రౌటర్‌లో లేదా ఇంట్లోని ఒక చిన్న కంప్యూటర్‌లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోగ్రామ్ పెట్టుకుంటే తెరవవలసింది ఒక్కటే, యూడీపీలో 51820. దీని గొప్పతనం దాని మౌనంలో ఉంది. సరైన తాళంచెవితో రాని ప్యాకెట్‌కు అది జవాబే ఇవ్వదు, ఇక్కడ తలుపు ఉందన్న సంగతి కూడా తట్టినవారికి తెలియనివ్వదు. తాళంచెవి ఉన్న ఫోను లోపలికి వచ్చాక ఇంట్లో సోఫాలో కూర్చున్నట్టే 192.168.1.108 అని కొట్టి కెమెరా చూడవచ్చు, ప్రింటర్ వాడవచ్చు. పదేళ్ల నాటి డీవీఆర్‌లో ఎన్ని చిల్లులున్నా అవి బయటివారికి కనిపించవు. కొంచెం చదువుకుని చేయవలసిన పని, నిజమే. కానీ ఇంజనీరింగ్ చదివిన పిల్లలు ఉన్న ఇళ్లలో దీన్ని ఒక ఆదివారం పనిగా పెట్టుకోవచ్చు.

ఐపీ ఆరో వెర్షన్ వచ్చాక లెక్క కొంత మారింది. భారత్‌లో దాని వాడకం ఇప్పటికే సగానికి మించింది. అందులో చిరునామాలకు కరువు లేదు కాబట్టి ఇంట్లోని ప్రతి పరికరానికీ సొంత పబ్లిక్ చిరునామా వస్తుంది, మార్పిడి ఉండదు, వార్డెన్ రిజిస్టరు ఉండదు. అనుకోకుండా దొరికిన కంచె కూడా ఉండదు. దాని బదులు రౌటర్‌లోని ఫైర్‌వాల్ ఆ కాపలా పని చేయాలి. చాలా రౌటర్లు చేస్తాయి, కానీ కొన్నిటిలో ఆ మీట ఆపి ఉంటుంది. నాలుగో వెర్షన్‌లో అన్నీ మూసి ఉన్నాయని ధైర్యంగా ఉన్న ఇంట్లో ఆరో వెర్షన్‌లో అన్నీ తెరిచి ఉండే అవకాశం ఉంది కనుక సెట్టింగుల్లో ‘ఐపీవీ6 ఫైర్‌వాల్’ అనే వరుసను తప్పక చూడాలి.

రౌటర్ పేజీ తెరిచినప్పుడే ఇంకొన్ని చూసుకోవచ్చు. ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ ఆపి ఉండాలి; లేకపోతే రౌటర్ లాగిన్ పేజీయే వీధిలో నిలబడుతుంది. స్టిక్కర్ మీది పాస్‌వర్డ్ మారాలి. రౌటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్, తాజాగా ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది పాత నియమాల మీద. డీవీఆర్ పాడైపోయి కొత్తది కొంటారు, కొత్తది క్యూఆర్ కోడ్‌తో పని చేస్తుంది, అందరూ సంతోషిస్తారు. పాత నియమం మాత్రం 80, 554, 37777 అంటూ 192.168.1.108 వైపే చూపిస్తూ ఉంటుంది. నియమానికి డీవీఆర్ తెలియదు, అంకె మాత్రమే తెలుసు. కొన్నాళ్లకు రౌటర్ ఆ 108ని మనవరాలి ల్యాప్‌టాప్‌కు ఇవ్వవచ్చు. కాలేజీ ప్రాజెక్టు కోసం ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో 80 పోర్టు మీద ఒక చిన్న వెబ్ సర్వర్ నడిపితే, తను గదిలో కూర్చుని చేసుకుంటున్న పని ప్రపంచం ముందు పరిచి ఉంటుంది. ఎప్పుడో ఎవరో పది నిమిషాల్లో రాసి వెళ్లిన మూడు వరుసలు అవి.

తీసేయడానికి రెండు నిమిషాలు చాలు. ఈసారి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆ పేజీ తెరిచి, ఒక్కో వరుస ఎందుకు ఉందో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోతే దాన్ని చెరిపి సేవ్ నొక్కాలి. తరువాత వై-ఫై ఆపి, మొబైల్ డేటా మీద ఆ మూడు పోర్టులనూ ఒకసారి తట్టి చూడాలి. జవాబు లేదు అని మూడుసార్లు వచ్చి, కెమెరా యాప్‌లో పెరటి బొమ్మ ఎప్పటిలాగే కనిపిస్తుంటే పని పూర్తయినట్టే.